వన్ టౌన్‌లో ఊలు షాపు: రంగుల స్వెట్టర్ అల్లేవాళ్లు ఆన్‌లైన్‌లో కొనే ముందు ఒకసారి వెళ్లండి

విజయవాడలో ఊలు ఎక్కడ దొరుకుద్దండీ అంటే అందరూ ఆన్‌లైన్‌లో తెప్పించుకో అనేవాళ్లే, ఈ ఎండల్లో ఊలు ఎవరు పెడతారు అని. ఉందండీ. వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దాటి లోపలి సందుల్లోకి వెళ్తే లేసులు, అంచులు, బటన్లు అమ్మే షాపుల మధ్యలో చిన్న షాపు, బయట నుంచి చూస్తే ఊలు ఉన్నట్టే కనపడదు, లోపల వెనక గోడకి నేల నుంచి సీలింగ్ దాకా ఉండలే. మా అక్క కూతురు స్వీడన్‌లో గోథెన్‌బర్గ్‌లో చదువుతుంది, మెడ చుట్టూ రంగుల డిజైన్ తిరిగే స్వెట్టర్ కావాలంది, దానికి మొత్తం సరుకు ఇక్కడే కొన్నాను, అల్లడం కూడా అయింది కాబట్టి వివరంగా రాస్తున్నా.

అసలు ఆ పిల్ల అడిగిన మోడల్‌కి వాళ్ల ఊరి దగ్గరే పెద్ద కథ ఉంది. గోథెన్‌బర్గ్ పక్కన బోహుస్లాన్ అనే ప్రాంతంలో రాళ్లు కొట్టే పనులు పడిపోయి ఇళ్లు గడవని రోజుల్లో ఎమ్మా యాకోబ్సన్ అనే ఆవిడ అక్కడి ఆడవాళ్లకి పని కల్పించడానికి బోహుస్ స్టిక్నింగ్ అని పెట్టింది, 1939 నుంచి 1969 దాకా నడిచింది, మెడ చుట్టూ భుజాల మీదుగా డిజైన్ గుండ్రంగా తిరిగే ఆ యోక్ స్వెట్టర్లు ఇప్పటికీ జనం అల్లుకుంటూనే ఉన్నారు. మన నర్సాపురం వైపు లేసు అల్లి ఇల్లు నడిపే ఆడవాళ్లే గుర్తొచ్చారు నాకైతే.

ఇక షాపు సంగతి. నాకు బాగా నచ్చింది రంగులు ఎంచుకోనిచ్చే తీరు. నేను అల్లిన డిజైన్‌లో ఒక్కో వరసలో రెండు రంగులే పనిచేస్తాయి, అల్లని రంగు వెనకాల తేలుతూ వస్తది, అందుకని ఆ రెండూ పక్కపక్కన ఎలా కనపడతాయి అన్నదే ముఖ్యం, విడివిడిగా ఎంత బాగుంటే ఏం లాభం. ట్యూబ్‌లైట్ కింద నేను ముదురు ఆకుపచ్చ, మెరూన్ తీసుకుంటుంటే షాపాయన "ఆగమ్మా, బయటికి తీసుకెళ్లి చూడు" అని రెండు ఉండల కొసలు తీసి మెలిపెట్టి నా చేతిలో పెట్టాడు. గుమ్మం దగ్గర వెలుతుర్లో ఫోన్‌తో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూశా, రెండూ ఒకే బూడిద రంగు, ఎక్కడ ఆకుపచ్చ ఆగి ఎక్కడ మెరూన్ మొదలైందో తెలీట్లేదు. ఆ జత అల్లితే డిజైన్ దూరానికి అసలు కనపడదు. మెరూన్ ఉంచి మీగడ రంగు, ఆవపిండి పసుపు మార్చి మార్చి చూశాను, ఎన్ని ఉండలు దించమన్నా ఒక్క మాట విసుక్కోలేదు. ఇది ఏ వెబ్‌సైట్ ఇవ్వదు, స్క్రీన్ మీద రంగు వేరే, చేతికొచ్చే రంగు వేరే.

ఇంకోటి, లేబుల్ మీద డై లాట్ నంబర్, అంటే ఒకేసారి రంగు వేసిన బ్యాచ్ నంబర్ చూసి ఒకే లాట్‌వి ఏరి ఇచ్చాడు, అడక్కుండానే. ఒళ్లంతా ఒకే రంగు వచ్చే స్వెట్టర్‌లో లాట్ మారితే సరిగ్గా పొట్ట మీద గీత పడ్డట్టు తెలిసిపోద్ది.

సూదులు మాత్రం ముందే తెలుసుకుని వెళ్లండి. ఇక్కడ ఇంకా పాత నంబర్లే, 8 నంబర్ అంటే 4 మిల్లీమీటర్లు, 10 నంబర్ అంటే 3.25, మీ ప్యాటర్న్ మిల్లీమీటర్లలో ఉంటే ఇది గుర్తుపెట్టుకోవాలి. ముక్కలు అతికి కుట్టే పని లేకుండా మెడ నుంచి కిందకి గుండ్రంగా అల్లాలంటే వైరు సూదులు, అంటే రెండు సూదుల్ని వైరుతో కలిపినవి కావాలి, వాళ్ల దగ్గర 80 సెంటీమీటర్లవే ఉన్నాయి, ఒంటికి అది సరిపోద్ది గానీ మెడకి, చేతులకి 40ది ఉంటే సుఖం. నేను 80దాంతోనే వైరు మధ్యలో లాగి మ్యాజిక్ లూప్‌లో లాగించేశా, వైరు కొంచెం బిరుసు, వేడి నీళ్లల్లో కాసేపు ముంచితే దారికొచ్చింది.

10 సెంటీమీటర్లకి 22 కుట్లు వచ్చింది నాకు. మెడ 96 కుట్లతో మొదలుపెట్టి, డిజైన్ 8 కుట్లకోసారి తిరిగొస్తది కాబట్టి ఎప్పుడు పెంచినా ఎనిమిదితో పోయేలా పెంచుకుంటూ 304కి తెచ్చా, అక్కడ చేతులకి అరవై అరవై పక్కన దారం మీద ఆపి, చంకల కింద పదేసి కొత్తవి వేస్తే ఒంటికి 204, అంటే చుట్టూ దాదాపు 93 సెంటీమీటర్లు. పై నుంచి అల్లితే గొప్ప సుఖం ఏంటంటే మధ్యలో తొడిగి చూసుకోవచ్చు, పొడవు చాలకపోతే ఇంకో ఉండ తెచ్చి కింద కలపడమే, వీడియో కాల్‌లో పిల్ల కొలతలు చెప్తుంటే మా చిన్నదానికి తొడిగి చూశా.

ఊలు క్వాలిటీ దగ్గర నిజం చెప్పాలి. ఇక్కడ ఉన్నది ఎక్కువ అక్రిలిక్ అనే కృత్రిమ దారం, కొంచెం ఊలు కలిసిన మిక్స్, అసలైన గొర్రె ఊలు రెండు మూడు రంగుల్లో తప్ప లేదు. అసలు ఊలులో పోగులు ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి కాబట్టి వెనక తేలే దారాలు కుదురుగా ఉంటాయి, అక్రిలిక్ నున్నగా జారుద్ది, నాలుగైదు కుట్లు దాటితే తేలే దారాన్ని మధ్యలో చిక్కించాల్సిందే, లేకపోతే చెయ్యి దూర్చినప్పుడల్లా వేళ్లకి తగులుకుంటది. పైగా ఊలైతే తడిపి పిన్నులు పెట్టి ఆరబెడితే ఎగుడుదిగుడు సర్దుకుంటాయి, అక్రిలిక్‌కి అంతగా పనిచేయదు, అలాగని ఇస్త్రీ పెట్టె ఆనించారంటే చచ్చుబడి వేలాడుద్ది, మళ్లీ బాగవదు. అందుకే నేను మిక్స్ తీసుకున్నా, అన్నీ కలిపి 400 గ్రాములు పట్టింది. మెరూన్ ఉతికితే రంగు దిగుద్దేమో అని ముందు చిన్న ముక్క అల్లి మీగడ రంగుతో కలిపి నానబెట్టా, దిగలేదు.

నచ్చనివి: షాపు ఇరుకు, ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్ల మీదే. తీసుకున్న ఉండ వెనక్కి తీసుకోరు, లేబుల్ చింపకపోయినా సరే, మార్చుకోవడమే. ఫోన్‌లో ఆర్డర్ తీసుకోరు. ఎండాకాలం స్టాక్ తగ్గుద్ది, అక్టోబర్ దాటాక వెళ్తే గోడ నిండా ఉంటది.

మొదటిసారి అల్లేవాళ్లైతే పొద్దున్నే వెళ్లండి, సాయంత్రం ఆ సందుల్లో రద్దీకి ఆయన మాట్లాడే తీరిక ఉండదు, గుమ్మం దగ్గర వెలుతురు కూడా ఉండదు. ప్యాటర్న్ ప్రింట్ చేతిలో పెట్టుకెళ్తే ఎన్ని గ్రాములు పడుద్దో ఆయనే లెక్కేసి చెప్తాడు, ఒక ఉండ ఎక్కువే తెచ్చుకోండి, అదే లాట్ మళ్లీ దొరకదు.