అంకీలో ఎవరూ చెప్పని ‘లీచ్’ ట్యాగ్: క్లాట్ ప్రిపరేషన్‌లో వాడాక

అంకీ అంటే మనం చేసుకున్న కార్డులను మర్చిపోకుండా మళ్లీ మళ్లీ చూపించి రివ్యూ చేయించే యాప్. కార్డులు ఎలా తయారు చేసుకోవాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, అవన్నీ వదిలేస్తాను. లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ కోసం ఏడాదికి పైగా వాడాను, లా కాలేజీలో చేరాక కూడా వాడుతున్నాను. అందులో నాకు ప్రాణంగా అనిపించింది ఒకటే: లీచ్ ట్యాగ్.

ఒకసారి వచ్చేసిన కార్డు తర్వాత రివ్యూల్లో పదే పదే తప్పుతుంటే, ఎనిమిదోసారికి అంకీ దానికి ‘లీచ్’ (జలగ) అని ట్యాగ్ తగిలిస్తుంది. కావాలంటే ఆ కార్డును రివ్యూల్లోంచి పక్కన పెట్టేలా కూడా సెట్ చేసుకోవచ్చు. నేను ఆ ఎనిమిదిని ఐదుకు తగ్గించుకున్నాను, ఎందుకంటే ఎనిమిది దాకా ఆగితే చాలా టైమ్ పోతుంది.

కొన్ని నెలల తర్వాత ఆ ట్యాగ్ ఉన్న కార్డులన్నీ ఒకచోట తెరిచి చూశాను. నోరు తిరగని పొడుగు మాటలే ఉంటాయనుకున్నాను. అవి ఒక్కటీ లేవు. శాంక్షన్, క్వాలిఫై, ఎంటర్‌టెయిన్, అడ్రస్... అన్నీ మనం రోజూ తెలుగులో కలిపి మాట్లాడేసే మాటలే! ఇంట్లో లోన్ శాంక్షన్ అయిందంటే సంతోషం. అదే ఒక దేశం మీద శాంక్షన్లు అంటే ఆంక్షలు. పరీక్షకు క్వాలిఫై అవడం తెలుసు. కానీ ఒక రచయిత తన మాటను క్వాలిఫై చేశాడంటే దానికి హద్దు పెట్టుకున్నాడని. కోర్టు పిటిషన్‌ను ఎంటర్‌టెయిన్ చేయలేదంటే విచారణకు తీసుకోలేదని. నా కార్డుల్లో ముందువైపు ఒంటరిగా మాట, వెనక రెండు మూడు అర్థాలు వరసగా ఉండేవి. తెలిసిన అర్థం టక్కున వచ్చేది, రెండోది జారిపోయేది.

ఆ కార్డులన్నీ తీసేసి, అర్థానికి ఒకటి చొప్పున కొత్తవి చేశాను. ముందువైపు ఎడిటోరియల్‌లో కనిపించిన వాక్యం మొత్తం, మాట కింద గీత. వెనక ఆ వాక్యంలో దానికున్న అర్థం మాత్రమే. శాంక్షన్‌కు రెండు కార్డులు అయ్యాయి, ఆ తర్వాత రెండూ మళ్లీ లీచ్‌లోకి రాలేదు. క్లాట్‌కు ఇదే కావాలి. 2020 నుంచి పేపర్ అంతా పాసేజ్‌ల మీదే నడుస్తోంది. ఇంగ్లిష్‌లో ఒక్కో పాసేజ్ 450 పదాల దాకా ఉంటుంది, ఈ మాటను ఇక్కడ ఏ అర్థంలో వాడారని అడుగుతారు. తప్పు పెడితే 0.25 మార్కు కోత. రెడీమేడ్‌గా దొరికే వెయ్యి పదాల డెక్ (కార్డుల కట్ట) ఒకటి దించుకున్నాను కానీ, దాంట్లో నాకు పనికొచ్చింది చాలా తక్కువ. నాకు కావాల్సిన లిస్టును నా తప్పుల నుంచే తీసి చూపించింది ఈ ట్యాగే.

అంకీ మాటను మర్చిపోనివ్వదు, నిజమే. అయితే పాసేజ్ చదివే వేగం మాత్రం అంకీతో రాదు. అది రోజూ ఎడిటోరియల్స్ చదివితేనే వచ్చింది. పైగా దసరా సెలవుల్లో ఫోన్ ముట్టుకోకపోతే రివ్యూలు వందల్లో పేరుకుపోయి కూర్చున్నాయి. డిసెంబర్‌లో పరీక్ష పెట్టుకుని ఆ నంబర్ చూస్తే ఎవరికైనా టెన్షనే. ఆ వారం కొత్త కార్డులు పూర్తిగా ఆపేసి, పాతవే కొంచెం కొంచెంగా తగ్గించుకున్నాను. రోజుకు ఇరవై కొత్త కార్డులని యాప్ ముందే పెట్టి ఇస్తుంది. ఇంటర్ క్లాసులతో పాటు చదివేవాళ్లకు అందులో సగం చాలు.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం, అందుకే నాకు ఇంత ఉపయోగపడిందేమో. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ పేపర్ చదివే అలవాటున్నవాళ్లకు లీచ్ లిస్టు ఇంత పొడుగు రాకపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో అంకీడ్రాయిడ్ ఫ్రీ, కంప్యూటర్‌లోనూ ఫ్రీ. ఐఫోన్ యాప్‌కు డబ్బులు కట్టాలి కాబట్టి ముందు కంప్యూటర్‌లో కొన్నాళ్లు వాడి చూడండి. పరీక్షకు ఇంకా ఏడాది ఉంటే తప్పకుండా మొదలుపెట్టమంటాను. రెండు నెలలే ఉంటే ఆ టైమ్ పాత పేపర్లకు పెట్టుకోవడమే మేలు, ఎందుకంటే లీచ్‌లు బయటపడటానికే నాకు కొన్ని నెలలు పట్టింది.