నాలుగేళ్లుగా డేట్‌డిఫ్: నెలల దాకా సరే, మిగిలిన రోజులే నమ్మలేను

పెదనాన్న ఎరువుల కొట్టు లెక్కలు నా చేతికొచ్చి నాలుగేళ్లు దాటింది. ప్రామిసరీ నోట్ల మీద వడ్డీ కట్టడానికి మొదటి రోజు నుంచీ ఎక్సెల్ స్ప్రెడ్‌షీట్‌లో, రెండు తేదీల మధ్య ఎంత కాలమో చెప్పే డేట్‌డిఫ్ (DATEDIF) ఫంక్షన్‌నే వాడుతున్నాను. మా దగ్గర వడ్డీ అంటే నూటికి నెలకి ఇంత అని. ‘ఎం’ అని రాస్తే నిండిన నెలలు, ‘ఎండీ’ అని రాస్తే ఆపైన మిగిలిన రోజులు వచ్చేస్తాయి. ఎంత హాయో! పక్క కొట్టు వాళ్లకి కూడా నేనే కూర్చుని నేర్పాను.

2023లో ఒక ధాన్యం వ్యాపారి రెండు లక్షల నోటు తీర్చడానికి వచ్చాడు. నోటు తేదీ జనవరి 31, వచ్చింది మార్చి 1న. వడ్డీ నూటికి రూపాయిన్నర, అంటే నెలకి 3,000, రోజుకి 100. షీటులో వడ్డీ 2,800 అని పడింది. నేను చూసి చదివేశాను కూడా. పెదనాన్న వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, ‘‘నెల దాటాక తీరుస్తుంటే నెల వడ్డీ కన్నా తక్కువెలా వస్తుందే అమ్మాయీ?’’ అన్నాడు.

అప్పుడు సరిగ్గా చూశాను. గడిలో ‘1 నెల -2 రోజులు’ అని ఉంది. నెలల్నీ రోజుల్నీ ఒకే గడిలో కలిపి చూపించేలా పెట్టుకున్నాను కదా, ఆ మైనస్ నా కంటికి మామూలు గీతలాగే కనిపించింది. రోజులు మైనస్ రెండేమిటి! ఫిబ్రవరికి 31 లేదు కాబట్టి అది మార్చి 3 దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టింది. రావాల్సింది 3,100. వ్యాపారి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ‘ఎండీ’ తప్పు ఇవ్వొచ్చు, వాడొద్దని సహాయం పేజీలోనే రాసి ఉందని ఆ రాత్రి చదివాక ఇంకా కోపమొచ్చింది. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ కాలం నాటి షీట్ల కోసం ఉంచిన ఫంక్షన్ అట. సరే, కానీ డబ్బు లెక్కలో ఇలాగా?

ఆ రాత్రే పాత నోట్లన్నీ తిరగేశాను. ఇప్పుడు నెలలకి ‘ఎం’ ఉంచాను. రోజులకి మాత్రం నోటు తేదీకి ఈడేట్‌తో (EDATE, తేదీకి నెలలు కలిపే ఫంక్షన్) అన్ని నెలలు కలిపి, అది ఇచ్చిన తేదీని తీర్చిన తేదీలోంచి తీసేస్తాను. జనవరి 31కి నెల కలిపితే ఈడేట్ ఫిబ్రవరి 28 ఇస్తుంది, అక్కడి నుంచి మార్చి 1కి ఒక రోజు. ఒకటే జాగ్రత్త: వాయిదా తేదీలు వేసేటప్పుడు ఈడేట్‌ని ప్రతిసారీ మొదటి తేదీ నుంచే వేయాలి. వచ్చిన తేదీకే మళ్లీ నెల కలుపుతూ పోతే, ఫిబ్రవరి 28 తర్వాత మార్చి 28, ఏప్రిల్ 28... ఇక 31 ఎప్పటికీ రాదు.

ఇదీ పూర్తి మందు కాదు. అదే వ్యాపారి ఫిబ్రవరి 28నే వచ్చి ఉంటే, ఈడేట్ లెక్కకి నెల నిండినట్టే, ‘ఎం’ లెక్కకి నిండనట్టే.

వయసు, సర్వీసు ఏళ్లు చూసుకునేవాళ్లకి డేట్‌డిఫ్ బాగానే పనికొస్తుంది. రోజువారీ వడ్డీ అయితే ఒక తేదీలోంచి ఇంకోటి తీసేస్తే చాలు, దీని అవసరమే లేదు. మాలాగా నెలలూ రోజులూ విడివిడిగా కావాలంటే మాత్రం ‘ఎండీ’ వద్దు. 29, 30, 31 తేదీల నోట్లకి నేను పసుపు రంగు వేసి పెట్టుకున్నాను. అవి పెదనాన్న వేళ్ల మీద చూశాకే చెబుతాను.