ఎలిమినేషన్ పద్ధతి: ఎక్కడ మార్కు తెస్తుంది, ఎక్కడ ముంచుతుంది

ఏళ్ల తరబడి పోటీ పరీక్షల పేపర్ల మీద వాడి చూశాక ఎలిమినేషన్ (తప్పని తేలిన ఆప్షన్లను కొట్టేస్తూ జవాబు పట్టుకోవడం) గురించి గట్టిగా చెప్పగలిగేది ఇది: ఒక్క వాక్యమైనా ఖాయంగా తెలిసిన చోటే అది పనిచేస్తుంది.

రాజ్యసభ మీద మూడు వాక్యాలు ఇచ్చారనుకోండి. 1. మూడో వంతు సభ్యులు రెండేళ్లకోసారి రిటైరవుతారు. 2. ద్రవ్య బిల్లును తిరస్కరించే అధికారం ఉంది. 3. రాష్ట్రపతి 12 మందిని నామినేట్ చేస్తారు. ఆప్షన్లు ‘1, 2’, ‘2, 3’, ‘1, 3’, ‘1, 2, 3’. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజుల్లో తిప్పి పంపాల్సిందేనని, తిరస్కరించలేదని తెలిస్తే చాలు, మూడు ఆప్షన్లు ఎగిరిపోతాయి. మిగతావి చదవకపోయినా జవాబు ‘1, 3’.

అవే వాక్యాలిచ్చి ‘ఎన్ని సరైనవి?’ అని అడిగితే లెక్క మారిపోతుంది. యూపీఎస్సీ 2023 ప్రిలిమ్స్‌లో ఈ రకం ప్రశ్నలు బాగా వచ్చాయి. రెండోది తప్పని తెలిసినా పోయేది ‘మూడూ’ ఒక్కటే. ‘ఒకటి’, ‘రెండు’, ‘ఏదీ కాదు’ అలాగే నిలబడతాయి.

అప్పుడు ఊహించి జవాబు పెట్టాలా వద్దా అన్నది నెగెటివ్ మార్కులు చెప్పాలి. యూపీఎస్సీ జీఎస్ (జనరల్ స్టడీస్) పేపర్‌లో రైటుకు 2, తప్పుకు ఆ రెండులో మూడో వంతు కోత. ఏమీ తెలియకుండా పెడితే సగటు లాభం సున్నా. ఒక ఆప్షన్ తీసేస్తే 0.22, రెండు తీసేస్తే 0.67. కాబట్టి రెండు మిగిలితే తప్పక పెట్టండి, మూడు మిగిలితే ఆలోచించండి. నీట్‌లో రైటుకు 4, తప్పుకు 1 కాబట్టి రెండు మిగిలిన చోట సగటున 1.5 వస్తుంది. ఈఏపీసెట్‌లో కోతే లేదు, 160లో ఒక్కటీ ఖాళీ వదలొద్దు.

‘మాత్రమే’ అని ఉంటే తప్పు అనే చిట్కాను మాత్రం నమ్మకండి. ద్రవ్య బిల్లును లోక్‌సభలో మాత్రమే ప్రవేశపెట్టాలి. అది అక్షరాలా నిజం. పాలిటీలో, అంటే రాజ్యాంగం, పాలన ప్రశ్నల్లో, ఈ చిట్కా ముంచుతుంది.

నిశ్చితం-కారణం ప్రశ్నల్లో (ఒక వాక్యం, దానికి కారణంగా మరో వాక్యం ఇచ్చేవి) రెండూ నిజమని తేలాక మధ్యలో ‘ఎందుకంటే’ పెట్టి చదవండి. ‘రాజ్యసభ శాశ్వత సభ, ఎందుకంటే 12 మంది నామినేటెడ్’ అంటే పొసగదు; రెండూ సరైనవే, కారణం మాత్రం వివరణ కాదు. ‘సరికానిది’ అన్న మాట కింద చదవగానే గీత పెట్టండి. బాగా తెలిసిన ప్రశ్నలే అక్కడ ఎక్కువగా పోతాయి.