పురుగుల లైటుకి నాలుగు స్టార్లు, ఫోటోకి మాత్రం మామూలు టార్చే

రాత్రిపూట పురుగుల్ని రప్పించే ఈ యూవీ (అతినీలలోహిత) లైటు ఆన్‌లైన్‌లో 22 డాలర్లు పడింది. వెలుగు తరంగదైర్ఘ్యం 395 నానోమీటర్లు, పవర్ బ్యాంకుతోనే వెలుగుతుంది. న్యూజెర్సీలో మా పెరట్లో తీగ మీద పాత తెల్ల దుప్పటి ఆరేసి, దాని ముందు వేలాడదీశాను. జూలై, ఉక్కపోత, అమావాస్య దగ్గర. తొమ్మిదిన్నరకి వేస్తే పదిన్నరకల్లా దుప్పటి నిండా దీపం పురుగులే. ఆ పనిలో దీనికి వంక పెట్టలేను.

చిక్కంతా ఫోటోల దగ్గర. బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్ద పురుగొకటి, దుప్పటికి అతికించినట్టు రెక్కలు పరిచి కూర్చుంది. ఆ ఊదా వెలుగులోనే ఫోటో తీస్తే బూడిద రంగులో వచ్చింది. పురుగుల్ని గుర్తుపట్టే యాప్ నాలుగు పేర్లు చూపించి చేతులెత్తేసింది. లైటు ఆపి, మామూలు టార్చి వేసి, సరిగ్గా పైనుంచి తీశాను. తీరా చూస్తే అది లేత చిలకపచ్చ! రెక్కల మీదుగా రెండు తెల్లటి వంకర గీతలు, పొట్ట పైభాగాన పొడవునా తెల్ల చార. పేరు వేవీ లైన్డ్ ఎమరాల్డ్, శాస్త్రీయ నామం సింక్లోరా ఏరాటా. దీని చుట్టాలైన నెమోరియాల్లో కొన్నిటికి రెక్కల అంచు ఎర్రగా ఉంటుంది, పొట్ట మీద చారకి బదులు చుక్కలుంటాయి. బూడిద ఫోటోలో ఇవన్నీ ఏం కనిపిస్తాయి?

దీని గొంగళి పురుగు మరీ వింత. రుడ్‌బెకియా పువ్వు మీద ఎండిన రేకు ముక్క నడుస్తోందని మా అమ్మాయి కేకేసింది. ఇది రేకుల్ని కొరికి, నోటి నుంచి వచ్చే పట్టుదారంతో వీపుకి అంటించుకుంటుంది. అవి వాడిపోతే కొత్తవి తగిలించుకుంటుంది. ఊదా పూల లియాట్రిస్ మొక్క మీదకి మారిస్తే మూడోరోజుకి ఊదా చీర కట్టింది! పొట్ట కింది కాళ్లు వెనకవైపు రెండు జతలే, అందుకే నడుము పైకెత్తి జానలు కొలుస్తున్నట్టు నడుస్తుంది. మా పాలమూరు ఆముదం చేలల్లో దాసరి పురుగు గుర్తొచ్చింది. అది వేరే కుటుంబంలెండి. ఈ గొంగళి కోసమే అయితే లైటు కొననక్కర్లేదు, పగలు పూలు వెతికితే చాలు.

కొనేవాళ్లు లైటు వైపు నేరుగా చూడకండి. తెల్లారేదాకా వదిలేయకండి కూడా. నేను ఓ రోజు మర్చిపోతే, పొద్దున్నే పిట్టలు దుప్పటి మీద టిఫిన్ చేసి వెళ్లాయి. వైరు మీటరు పొడవు కూడా లేదు, పవర్ బ్యాంకుని సంచిలో వేసి ఆ తీగకే కట్టాల్సి వచ్చింది. ఒక స్టార్ తగ్గించింది అందుకే.