సెకండ్ హ్యాండ్ డిజిటల్ పియానో కొనేవాళ్ళు ఇది చదివి వెళ్ళండి, నాలా మునగొద్దు

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, ఒళ్ళు మండిపోతోంది, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. సెకండ్ హ్యాండ్ యాప్‌లో పియానో అని కొడితే ఒకే గోడ ముందు తీసిన ఫొటోలు వరసగా నాలుగొస్తాయి చూడండి, నాకు అమ్మింది ఆయనే. 88 కీలు, వెయిటెడ్ (అంటే అసలు పియానోలా నొక్కితే బరువుగా ఉండే కీలు), రెండేళ్ళు వాడింది, 34,000 అన్నాడు, 31,500కి దిగాడు. ఏదో బేరం గెలిచేసినట్టు ట్రాలీ ఆటోలో దాని పక్కనే కూర్చుని ఇంటికి తెచ్చుకున్నాను.

నలభై దాటాక పియానో మొదలుపెట్టిన మనిషిని. ఐదు వారాలుగా నాకు ఒకటే పాఠం, మెల్లగా, సమానంగా స్టకాటో. తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టుకుని, సి, డి, ఇ, ఎఫ్, జి అనే ఐదు కీలు ఐదు వేళ్ళతో, వేడి పెనం తగిలినట్టు ముట్టుకుని వదిలేయడం, అంతే. నాకేమో టిక్, టిక్, ఢాం, టిక్, ఆ తర్వాత నిశ్శబ్దం. మూడో కీ ఇ అరుస్తుంది, ఐదోది జి అసలు పలకదు. నేనేమనుకున్నానంటే నా నడిమి వేలు మొరటుది, చిటికెన వేలు బద్ధకపుది అని. చేతి వెనక రూపాయి బిళ్ళ పెట్టుకుని, అది పడకుండా రోజూ గంట కూర్చున్నాను. పక్క గదిలోంచి మావారు "ఆ మూడోది కొంచెం తగ్గించవే" అనేవారు. ఆయనకి కూడా తెలిసిపోయింది, ఏది తేడాగా ఉందో. నాకే తెలియలేదు.

మొన్న ఆదివారం టీచర్‌గారింట్లో అదే వాయిస్తే ఐదూ ఒకేలా పలికాయి. ఆవిడకి అనుమానమొచ్చి మా ఇంటికొచ్చి, ఒక్క చూపుడు వేలుతోనే అన్ని కీలూ మెల్లగా తట్టారు. వేలు ఏదైనా అదే ఇ అరిచింది! పియానోని ఫోన్‌కి కలిపి, ప్రతి నొక్కునీ అంకెల్లో చూపే ఏదో మిడి యాప్‌లో చూపించారు. కీ కింద రెండు కాంటాక్టులుంటాయట, మొదటిది తగిలాక రెండోది తగలడానికి ఎంతసేపు పట్టిందో చూసి ఎంత గట్టిగా నొక్కామో పియానో 1 నుంచి 127 దాకా లెక్క కడుతుందట. రబ్బరు అరిగినా, దుమ్ము పట్టినా ఆ లెక్క తప్పుతుంది. మిగతా కీలు 30, 35 చూపిస్తుంటే నా ఇ మాత్రం ఎంత మెల్లగా తాకినా 127. ఇలాంటివి మొత్తం తొమ్మిది కీలు.

మరి కొన్న రోజు ఎందుకు బాగుంది? ఆ రోజు చెల్లికి పంపడానికి తీసిన వీడియో ఉంది, మళ్ళీ చూశాను. పద్నాలుగో సెకనులో ఆ మహానుభావుడు ఎడమ చేత్తో ఫంక్షన్ బటన్ పట్టుకుని, కుడి చేత్తో ఒక కీ నొక్కుతాడు. టచ్ ఫిక్స్‌డ్‌లో పెట్టాడన్నమాట. ఇక ఎలా నొక్కినా ఒకటే సౌండు. అది పెట్టాక నా వైపు తిరిగి నవ్వుతూ "చూడండి మేడం, టచ్ ఎంత ఈవెన్‌గా ఉందో" అన్నాడు. నేను "అవునండీ" అన్నాను. వీడియోలో నా గొంతు స్పష్టంగా వినిపిస్తోంది, అవునండీ అని. ఇంటికొచ్చి ఆపి ఆన్ చేయగానే సెట్టింగ్ మామూలుకొచ్చేసింది.

ఇవాళ ఫోన్ చేసి అడిగితే ఏమన్నాడో తెలుసా? "మెల్లగా వాయించడం అందరికీ రాదు మేడం, ఇంకో ఆర్నెల్లు ప్రాక్టీస్ చేయండి." వీడియో ఉందన్నాను. "పిల్లలు బాది పాడుచేసుంటారు" అన్నాడు. మాకు పిల్లల్లేరు. అది చెప్పేలోపే కట్ చేశాడు, తర్వాత బ్లాక్. డబ్బు పోతే పోయింది గానీ, ఐదు వారాలు నా వేళ్ళని నేను తిట్టుకున్నానే, అది మింగుడు పడట్లేదు.

సరే, వెళ్ళేవాళ్ళు ఒకటి చేయండి. అమ్మేవాడు ఏమీ ముట్టుకోకముందే మీరే ఆపి ఆన్ చేసి, సస్టెయిన్ (వదిలేశాక కూడా శబ్దాన్ని సాగదీసేది) తీసేసి, ఒక్కో కీ మెల్లగా తట్టి చూడండి, 88కి 88. గట్టిగా బాదితే ఇలాంటి లోపం బయటపడదు. హెడ్‌ఫోన్స్ తీసుకెళ్ళండి.

ఇది రాస్తూ మధ్యలో యాప్ తెరిచాను. అదే గోడ, ఇంకో పియానో. కింద "టచ్ సూపర్" అని రాశాడు.