స్టార్టర్ బాక్సుల్లో ఇత్తడి ఇన్సర్టులు: కొన్నేళ్ల వాడకం తర్వాత

బోరు మోటార్ల ఆటో స్టార్టర్లకు ఏబీఎస్ ప్లాస్టిక్ బాక్సులు చేయించి, లోపల వైరింగ్ చేసి అమ్మే చిన్న యూనిట్ మాది. మూత బిగించే నాలుగు మూలల్లో ఎం4 ఇత్తడి ఇన్సర్టులు (4 మి.మీ. స్క్రూ దిగేలా లోపల మరలు, అంటే థ్రెడ్, ఉన్న చిన్న గొట్టాలు) పెట్టడం మొదలై కొన్నేళ్లయింది. అంతకు ముందు ప్లాస్టిక్‌లోకే నేరుగా, తమ థ్రెడ్ తామే కోసుకునే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు దిగ్గొట్టేవాళ్లం. మా దగ్గర బిగించినప్పుడు గట్టిగానే పట్టేవి. పొలంలో మెకానిక్ నాలుగైదు సార్లు విప్పి బిగించేసరికి "థ్రెడ్ పోయింది సార్" అని ఫోన్. మూత సరిగ్గా కూర్చోకపోతే ఆ సందులోంచి చీమలు, బల్లులు దూరతాయి. మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ మధ్యలో బల్లి మాడిపోయిన బాక్సు చూసినవాళ్లకు ఆ తర్వాతి సంగతి చెప్పక్కర్లేదు.

ఇన్సర్టులు పెట్టాక ఆ ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. అయితే ఇన్సర్టు కొనడంతో పని అయిపోదు. దాన్ని ఎలా దింపాం, చుట్టూ ప్లాస్టిక్ ఎంత ఉంది అన్నదాని మీదే అంతా ఉంది.

మొదట మౌల్డ్‌లోనే, అంటే బాక్సు పోసే అచ్చులోనే పెట్టించాం. ప్రతి షాట్‌కూ (ఒక్కో బాక్సు పోతకూ) ఆపరేటర్ తలుపు తీసి, నాలుగు పిన్నులకు నాలుగు ఇన్సర్టులు తొడగాలి. పట్టు విషయంలో దీన్ని మించింది లేదు, ఇన్సర్టు ఒంటి మీది నర్లింగ్ (గరుకు గీతల) గాళ్లన్నిటిలోకి ప్లాస్టిక్ నిండుగా పారుతుంది. కానీ సైకిల్ టైమ్ పెరుగుతుంది, మౌల్డ్ మూసేటప్పుడు ఒక్క ఇన్సర్టు జారి పడిందా, మౌల్డ్‌కే గాటు. పిన్ను కాస్త వదులైతే మరల్లోకి ప్లాస్టిక్ పాకుతుంది, కూర్చుని ట్యాప్‌తో మళ్లీ మరలు కోసుకోవాలి. లక్షల్లో పార్టులు తీసేవాళ్లకు, రోబో ఉన్నవాళ్లకు సరే. మా స్థాయికి అది టెన్షన్ తప్ప మరేం కాదు.

ఇప్పుడు బాక్సు వచ్చాక వేడి చేసి దింపుతున్నాం. సోల్డరింగ్ ఐరన్‌కు ఇన్సర్టు టిప్ తగిలించి, చిన్న ప్రెస్ స్టాండుకు బిగించుకున్నాం. ఇక్కడ తొందర పనికిరాదు. ఏబీఎస్ 105 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఇత్తడి ఆ వేడిని ప్లాస్టిక్‌కు అందించడానికి కొన్ని సెకన్లు కావాలి. బలంగా నొక్కితే ఇన్సర్టు దిగినట్టే కనిపిస్తుంది గానీ ప్లాస్టిక్ కరిగి గాళ్లలోకి వెళ్లదు, స్క్రూ బిగించగానే ఇన్సర్టు కూడా తిరుగుతుంది. చివరి కొసరు మాత్రం వేడి తీసేసి, చదునైన ఇనప ముక్కతో నొక్కి చల్లారేదాకా పట్టుకోవాలి. రంధ్రం ఇన్సర్టు కన్నా లోతుగా ఉండాలి, లేకపోతే కరిగిన ప్లాస్టిక్ మరల్లోంచి పైకి తన్నుకొస్తుంది. బాస్ (ఇన్సర్టు దిగే ప్లాస్టిక్ దిమ్మ) బయటి కొలత ఇన్సర్టు కొలతకు సుమారు రెండింతలు ఉంటే నిశ్చింత.

పాలీకార్బొనేట్ పారదర్శక మూతలతో మాత్రం నాకు పడలేదు. చేసిన రోజు అద్దంలా ఉంటాయి, కొన్ని వారాలకు ఇన్సర్టు చుట్టూ సన్నటి పగుళ్లు. మీటరు పొడవు ఇత్తడి ఒక డిగ్రీ తేడాకు సుమారు 19 మైక్రాన్లు మారితే, పాలీకార్బొనేట్ 65 నుంచి 70 దాకా మారుతుంది. వేడి మీద దింపిన ఇన్సర్టును చల్లారుతున్న ప్లాస్టిక్ పిసికేస్తుంది, ఆ బిగువు లోపలే ఉండిపోతుంది. ఇన్సర్టు మీద లేత్ ఆయిల్ మరక మిగిలితే పగుళ్లు ఇంకా త్వరగా వస్తాయి. ఏబీఎస్ కూడా ఇత్తడి కన్నా చాలా ఎక్కువే సాగుతుంది, కానీ కాస్త సర్దుకుపోతుంది. పాలీకార్బొనేట్‌కు ఇప్పుడు ఇటునుంచి అటు దాకా రంధ్రం వేసి, వెనక నట్టు వాడుతున్నాం. ముప్పై శాతం గాజు నారలు కలిపిన నైలాన్‌లో ఈ తలనొప్పి తక్కువ.

డ్రాయింగ్ వేసేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇంకోటుంది. పైన కూర్చునే పార్టులో రంధ్రం ఇన్సర్టు బయటి కొలత కన్నా చిన్నదిగా ఉండాలి. ఎం4 స్క్రూకు 4.5 మి.మీ. రంధ్రం చాలు. దాన్ని పెద్దది చేస్తే పై పార్టు ఇన్సర్టు మీద ఆనకుండా ప్లాస్టిక్ మీద ఆనుతుంది. అప్పుడు స్క్రూ బిగించే కొద్దీ ఇన్సర్టును మనమే పైకి లాగేస్తాం, జాకీ పెట్టి లేపినట్టు.

సరుకు సంగతికొస్తే, మనకు దొరికేవి చాలావరకు గుజరాత్‌లోని జామ్‌నగర్ నుంచే వస్తాయి. ఇత్తడి పనికి దేశమంతా పేరున్న ఊరు. అందరూ ఒకేలా చేయరు. నిలువు గీతలు ఒక్కటే ఉన్న రకం తిరగకుండా ఆపుతుంది గానీ లాగితే ఊడొస్తుంది. మధ్యలో గాడి ఉన్నదో, వజ్రం ఆకారంలో అడ్డదిడ్డంగా దాటే గీతలు ఉన్నదో తీసుకోండి. చేతిలో అయస్కాంతం ఉంచుకోండి, అంటుకుంటే అది ఇత్తడి రంగు పూసిన ఇనుము. పొలంలో తడికి తుప్పు పడుతుంది.

ఇన్సర్టు దింపాక రిజెక్ట్ అయిన బాక్సును నేరుగా ప్లాస్టిక్ ముక్కలు చేసే గ్రైండర్‌లో వేయకూడదు, బ్లేడ్లు పోతాయి. ముందు ఇన్సర్టును వేడి చేసి పీకాలి, ఆ పని ఎవరికీ ఇష్టముండదు. అందుకే బాక్సును పూర్తిగా చెక్ చేశాకే ఇన్సర్టులు దింపిస్తున్నాను. లోపల పీసీబీ (సర్క్యూట్ బోర్డు) బిగించే బాస్‌లకు మాత్రం ఇప్పటికీ సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలే, వాటిని ఒకసారి బిగించాక విప్పేవాడు ఉండడు.