పాత ఇంటికి కొత్త కిటికీలు: నాలుగు స్టార్లు ఎందుకంటే

న్యూజెర్సీలో మేం కొన్న ఇల్లు 1956 నాటిది. మూడు కిటికీలు మార్పించాలి. మొదట వచ్చినాయన చుట్టూ ఓసారి చూసి, "పాత రంగు సాండర్‌తో (రంగు అరగదీసే మిషన్‌తో) లేపేస్తాం, రెండ్రోజుల పని" అన్నాడు. సీసం ఉన్న పాత రంగుల మీద పనిచేయడానికి ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) సర్టిఫికెట్ ఉందా అంటే నవ్వి ఊరుకున్నాడు. ఇళ్లకు సీసం రంగులు అమ్మడాన్ని ఇక్కడ నిషేధించిందే 1978లో. అంటే మా పాత రంగులో సీసం ఉండొచ్చు, అరగదీస్తే ఆ విషం దుమ్మై నేల మీద పడుతుంది. మా అమ్మాయికి రెండేళ్లు, నేల మీద ఏది దొరికినా నోట్లోకే. ఆయనకి నమస్కారం పెట్టేశాం.

రెండో కంపెనీ రేటు దాదాపు ఒకటిన్నర రెట్లు. మా ఆయన మొహం చూడాలి! కానీ పని మొదలవ్వకముందే సీసం గురించిన పుస్తకం చేతికిచ్చి సంతకం తీసుకున్నారు. గదిలో సామాను బయట పెట్టించి, ఏసీ గాలి వచ్చే రంధ్రాలు మూసి, కిటికీ నుంచి ఆరడుగుల దాకా నేలంతా ప్లాస్టిక్ పరిచారు. ఫ్రేముల మీద నీళ్లు చల్లుతూ గీకారు. సాండింగ్ చేసిన కాసేపూ మిషన్‌కి హెపా వాక్యూమ్ (సన్నటి దుమ్మును కూడా పట్టే ఫిల్టర్ ఉన్నది) తగిలించే ఉంచారు. అది లేకుండా మిషన్ పెట్టడం రూల్స్‌కి విరుద్ధమట. "కిటికీ మార్చడానికి ఇంత హడావుడా?" అని మా అత్తయ్యగారు గుమ్మంలోనే నిలబడి చూశారు.

నాకు నమ్మకం కుదిరింది మాత్రం చివరి రోజు. శుభ్రం చేశాక తెల్లటి తడిగుడ్డతో కిటికీ గట్టు తుడిచి, దాన్ని ఒక కార్డు పక్కన పెట్టి చూశారు. కార్డు మీది రంగు కన్నా గుడ్డ నల్లగా ఉంటే మళ్లీ కడగాలి. హాల్లో కిటికీ మొదటిసారి తప్పింది. కంటికి అద్దంలా ఉన్న గట్టు అది! తుడిచినతను ఏమీ దాచకుండా గుడ్డ నాకే చూపించి, మళ్లీ మొదలెట్టాడు. రెండోసారి పాసైంది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, రెండు రోజులు గంటన్నర ఆలస్యంగా వచ్చారు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. పైగా నడవాలో ప్లాస్టిక్‌కి వేసిన టేప్ పీకితే గోడ రంగు కాగితంలా ఊడొచ్చింది. దాన్ని శుభ్రంగా తీసి, రంగు వేసి వెళ్లారు కానీ, నేను అడిగాకే. వంటింటి పనీ వీళ్లకే ఇస్తున్నాం. ఈసారి టేప్ ఎక్కడ అంటిస్తారో నేను పక్కనే నిలబడి చూస్తాను.